పురుగులకు పెట్టిన పొయ్యి

చేవెళ్లలో హీటర్లమ్మే దుకాణం అతను మా మేనకోడలు శ్రావణిని మొట్టమొదట అడిగిన మాట, "గది ఎంతుంటది మేడం, అండ్ల ఎందరు పండుకుంటరు?" అని. చలికాలం అప్పుడే మొదలవుతోంది. ఫ్యాన్లన్నీ లోపలికి నెట్టేసి, రకరకాల హీటర్లను దుకాణం ముందు వరుసగా పేర్చాడు. శ్రావణి ఏమాత్రం నవ్వకుండా, "పండుకునేది మనుషులు కాదన్నా, పట్టుపురుగులు" అంది. అతను కాసేపు ఆమె మొహం చూశాడు, తర్వాత పక్కనున్న నా తెల్లజుట్టు చూశాడు. ఎగతాళి కాదని నమ్మకం కుదిరాక, "కోడిపిల్లలకైతే మస్తు మందికి ఇచ్చిన గని, పురుగులకు అడిగినోళ్లు మీరే ఫస్టు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో పురుగులకు పొయ్యి పెట్టించిన రోజుల్లో ఇదే చేవెళ్లలో మా అమ్మను కూడా ఇట్లాగే ఎగాదిగా చూశారు.

శ్రావణి మా తమ్ముడి కూతురు. డిగ్రీ చదివి, కొన్నాళ్లు సిటీలో ఉద్యోగం చేసి, రోజూ బస్సుల్లో నిలబడి పోయిరావడం తన వల్ల కాదని మానేసింది. ముడిమ్యాలలో మా ఇంటి వెనక చెలకలో మల్బరీ పెట్టి, పురుగుల కోసం రేకుల షెడ్డు వేసింది. నేను బడి ఉద్యోగం అయిపోయాక మొయినాబాద్‌లో ఉంటున్నాను. "నువ్వు చిన్నప్పుడు అన్నీ సూసినవ్ గదా అత్తమ్మా, హీటర్ కొనేటందుకు జర తోడు రా" అని ఫోన్ చేస్తే, పెద్దరికం దొరికింది కదా అని మంచి చీర కట్టుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే నాకు తెలిసినదానికంటే ఆమెకు తెలిసిందే ఎక్కువ. ఎర్రగా కాలే తీగలది వద్దంది, గాలిలో తడి ఆరిపోతుందట. గ్యాస్‌ది ముట్టుకోనే లేదు. నూనె నింపిన రేకులతో చిన్న హార్మోనియం పెట్టెలా ఉన్నదాన్ని పట్టుకుని, వైరు ఎంత లావు, వేడి ఎక్కువైతే దానంతట అదే ఆగుతుందా, కరెంటు పోయి వస్తే మళ్లీ మొదలవుతుందా అని అడుగుతూనే ఉంది. నేను పక్కన నిలబడి తలాడిస్తున్నాను గానీ నా మనసు దుకాణంలో లేదు. మా పాత ఇంటి పెరటి వైపు గోడకు బాపు కొట్టిన కంత దగ్గరికి పోయింది.

మా ఇల్లు మట్టిగోడల పెంకుటిల్లు. ముందర ఒక పెద్ద అర్ర, వెనక వంటిల్లు, ఆ రెండింటి నడుమ, పక్కగోడ పెరటి వైపు ఉన్న ఇంకో అర్ర. మాఘం వచ్చేదాకా మా ఊరి చలి ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. పెంకుల సందుల్లోంచి గాలి దిగేది. తమ్ముడూ నేనూ ఒక బొంతలో, బాపు గొంగడిలో, అవ్వ తన మూలలో గోనెసంచి మీద ఇంకో గోనెసంచి కప్పుకుని ముడుచుకునేవాళ్లం. గొంగడి వాసన, అవ్వ తాగే చుట్ట వాసన, పొద్దున్నే పెరట్లో నీళ్ల పొయ్యి నుంచి వచ్చే తుమ్మకట్టె పొగ వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంటి చలికాలం. అవ్వ అంటే బాపు తల్లి. మనిషి సన్నం, గొంతు పెద్దది. లేవగానే చుట్ట ముట్టించి, గడపలో కూర్చుని దారిన పోయేవాళ్లందరినీ పలకరించి, వాళ్ల ఇంట్లో రాత్రి ఏం కూర వండారో కనుక్కుంటే గానీ ఆమెకు తెల్లారేది కాదు.

నడిమి అర్రలో మొదట జొన్నలు, కందులు పోసుకునేవాళ్లం. అమ్మ దాన్ని పురుగుల అర్ర చేసింది. ఊరికి వచ్చిన పట్టు ఆఫీసు సారు మాటలు విని, ఆడవాళ్లకు నేర్పిస్తారంటే చేవెళ్లకు పోయి కూర్చుని నేర్చుకొచ్చింది. బాపును ఎట్లా ఒప్పించిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బాయి కింద ఏటా టమాట పెట్టే మడి మల్బరీ తోట అయింది. అప్పటిదాకా అమ్మ బాపు వెనక నడిచే మనిషి. ఇంటికి ఎవరొచ్చినా "నర్సయ్య ఉన్నడా" అనేవారు. తోట పెట్టినంక ఆఫీసు సారు వచ్చి వాకిట్లో నిలబడి "యాదమ్మ ఉన్నదా" అని పిలిచాడు. లోపల రొట్టె చేస్తున్న అమ్మ, పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి ఒక క్షణం ఏం జవాబివ్వాలో తోచక నిలబడిపోయింది. ఆ మొహం నాకు ఇంకా గుర్తుంది. తోట అమ్మకు పంట మాత్రమే కాదు. ఆ ఇంట్లో తనది అని ఆమె అడిగి తీసుకున్న మొదటి వస్తువు అది.

పురుగుల అర్రకు అమ్మ పెట్టిన చట్టాలు మా బడిలో కూడా లేవు. చేతులూ కాళ్లూ కడుక్కోకుండా లోపలికి పోకూడదు. తలలో పూలు పెట్టుకుని పోకూడదు. బాపు బీడీ తాగితే ఆ పూట గుమ్మం తొక్కకూడదు. అవ్వనైతే చుట్ట చేతిలో ఉంటే అటు వంక చూడనిచ్చేది కాదు. ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి, అత్తను పట్టుకుని "అత్తమ్మా, చుట్ట ఆడ పెట్టి రా" అనేసరికి మేం నోళ్లు తెరిచాం. లోపల వెదురు తట్టలు అంతస్తులుగా ఉండేవి. చీమలు ఎక్కకుండా వాటి కాళ్ల కింద నీళ్ల చిప్పలు. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఆవగింజలో సగం లేని పురుగు, ఆకు తిని తిని నా వేలంత అయ్యేది. పొర విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయేది. దాన్ని జ్వరం అనేవారు. ఆఖరి జ్వరం లేచాక వాటి ఆకలి చూడాలి. ఎన్ని మోపులు తెచ్చినా చాలదు. అన్ని నోళ్లు ఒక్కసారి నములుతుంటే ఆ చప్పుడు మందంగా కురిసే వానలా ఉండేది. నేను తలుపు సందులో చెవి పెట్టి వినేదాన్ని. పురుగుకు పళ్లుంటాయా, నాలుక ఉంటుందా, ఆకు రుచి తెలుస్తుందా అని అమ్మను సతాయించేదాన్ని. "ముందు నీ రొట్టె నువ్వు తిను" అనేది.

వానాకాలం పంట బాగా వచ్చింది. చలికాలం పంట దెబ్బతిన్నది. చలికి పురుగులు ముడుచుకుని ఆకు ముట్టలేదు. కొన్ని పెరిగాయి, కొన్ని పెరగలేదు. కట్టిన గూళ్లు కూడా పలచగా, నొక్కితే లోపలికి పోయేట్టు ఉన్నాయి. బాపు చెడ్డవాడు కాదు, కానీ మడి వైపు చూసినప్పుడల్లా ఆయనకు అందులో టమాటలే కనిపించేవి. ఒకరోజు అంబలి తాగుతూ, గిన్నె కింద పెట్టకుండానే చెప్పేశాడు. "ఇంకొక్క పంట సూస్త యాదీ. ఇది గూడ గిట్లనే అయితే ఉగాదికి తోట దున్నేసి టమాట పెడ్త. నన్ను అనొద్దు మల్ల." ఆ మధ్యాహ్నం అమ్మ తోటలోకి పోయి చాలాసేపు ఆకు కోయకుండా ఊరికే నిలబడింది. తోట పోతే అమ్మ మళ్లీ వెనక నడిచే మనిషి అవుతుందని నాకు ఆ వయసులోనే అర్థమైంది. భయం కూడా వేసింది.

కాబట్టి ఆ అర్రను వెచ్చగా ఉంచాలి. ఎట్లా అన్నదే ప్రశ్న. ముందు మట్టి కుంపటిలో బొగ్గులు పోసి లోపల పెట్టింది అమ్మ. తలుపులు మూసి ఉన్న అర్రలో కాసేపు పనిచేసి, గోడ పట్టుకుంటూ బయటికొచ్చి వాకిట్లో వాంతి చేసుకుంది. అవ్వ పరుగున వచ్చి మొహం మీద నీళ్లు కొట్టి, పల్చటి మజ్జిగ తాగించి, ఆ కుంపటిని కాలితో తన్ని పెంటకుప్ప మీదికి దొర్లించింది. కిరసనాయిలు స్టవ్వు వాసనకు పురుగులు తాళవని సారు చెప్పాడు. కరెంటు హీటర్ అన్నాడు గానీ, మా ఊళ్లో కరెంటు అప్పట్లో వచ్చే చుట్టమే తప్ప ఇంట్లో ఉండే మనిషి కాదు. వంటింట్లో అందరం కూర్చుని ఇదే చర్చ. అవ్వ మాత్రం ఒకటే మాట. "కడుపు కూటికి ఏడిస్తే కొప్పు పూలకు ఏడ్చిందట. ముసలిదాన్ని నేను సలికి వణుకుతుంటే, పురుగులకు పొయ్యి కావాల్నట!"

ఉపాయం అమ్మకు స్నానం చేస్తుంటే తట్టింది. మా నీళ్ల పొయ్యి మీది కాగు తడిక లోపల ఉండేది, పొయ్యి నోరు మాత్రం తడిక బయటికి ఉండేది. కట్టె బయట పెడితే లోపల స్నానం చేసేవాళ్లకు పొగ తగలదు. "పురుగులకు గూడ గట్లనే చేద్దాం. మంట బయట, ఎచ్చదనం లోపల" అంది, తడి జుట్టుతోనే వచ్చి బాపు ముందు నిలబడి. బాపు కాసేపు ఆలోచించి, "డ్రమ్ము అయితే మంచిగుంటది" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడమే మాకు పండగ. అమ్మా, బాపూ, నేనూ చేవెళ్లకు పోయాం. అక్కడ బకెట్లకు, డబ్బాలకు అడుగులు వేసే ఖాదర్ చాచా ఉండేవాడు. ఆయనకు విషయం చెబితే సుత్తి పక్కన పెట్టి, "పురుగులకు బట్టీయా? మా ఇంట్ల మనుషులకే లేదమ్మా!" అన్నాడు. చుట్టుపక్కల దుకాణాల వాళ్లు లేచొచ్చి అమ్మను చూశారు. అమ్మ చెంగు భుజం మీదికి లాక్కుని, డ్రమ్ము ఎంత పొడుగుండాలో చేతులు చాపి చూపించింది. గొట్టం వెనకవైపు ఉండాలని చాచా, పక్కన ఉండాలని బాపు కాసేపు వాదులాడుకున్నారు. చివరికి వెనక వైపే పెట్టారు.

దాన్ని ఎడ్లబండిలో తెచ్చి నిలబెట్టడం ఒక పెళ్లంత పని అయింది. డ్రమ్మును అర్రలో పొడుగ్గా పడుకోబెట్టి, దాని నోరు పెరటి వైపు గోడలోంచి బయటికి వచ్చేట్టు పెట్టాలి. రెండో కొస నుంచి రేకు గొట్టం లేచి పెంకుల కిందనుంచి బయటికి పోవాలి. బాపు గడ్డపార తీసుకుని గోడకు కంత కొట్టబోతే అవ్వ అడ్డం నిలబడింది. ఆ గోడ ఆమె కొత్త కోడలిగా మట్టి తొక్కి పెట్టిన గోడ. "ఇంటికి నడుముల చిల్లు పొడుస్తరార ఎవరన్న?" అంది. బాపు తల గోక్కున్నాడు. అమ్మే దగ్గరికి పోయి, "నువ్వే సూపియ్యి అత్తమ్మా, ఏడ కొడితే గోడ ఆగుతదో నీకే ఎరిక" అంది. అవ్వ కాసేపు మూతి ముడుచుకుని, గోడ మీద అరచేతితో తట్టుకుంటూ పోయి ఒకచోట ఆగింది. కంత అక్కడే కొట్టారు. సందులన్నీ ఎర్రమట్టిలో ఊక, పేడ కలిపి తనే మెత్తింది. మేం కుడి ఎడమా గోనెసంచులు తడిపి వేలాడదీశాం, వేడికి అర్ర ఎండిపోకుండా.

మొదటిసారి మంట పెట్టినప్పుడు అందరం లోపల నిలబడి డ్రమ్ము వంకే చూశాం. మొదట ఏమీ జరగలేదు. తర్వాత ఇనుము టక్ టక్‌మని చప్పుడు చేసింది. ఆ తర్వాత తడి గోనెసంచుల వాసనతో కూడిన వెచ్చదనం నా మోకాళ్లకు తగిలింది. సారు ఇచ్చిన థర్మామీటర్‌లో పాదరసం పైకి పాకుతుంటే అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. అవ్వ ఆ గాజు గొట్టాన్ని నమ్మక, మోచేయి డ్రమ్ము దగ్గర పెట్టి, "సాలు, బాలింత అర్ర లెక్కున్నది" అంది. ఆ అర్రకూ మేం పడుకునే చోటుకూ మధ్య ఉన్న గోడ కూడా వెచ్చబడింది. అది ముందు కనిపెట్టింది తమ్ముడు. వాడు వీపు గోడకు ఆనించి పడుకున్నాడు, పక్కన నేను చేరాను. మర్నాటికి బాపు మంచం కూడా అక్కడికే జరిగింది. పురుగులకని పెట్టిన పొయ్యి పుణ్యాన మనుషులకు మిగిలిన వెచ్చదనం అది. అవ్వ తన మూల వదలనని పంతం పట్టి, పట్టి, చివరికి గోనెసంచులు ఎత్తుకుని నెమ్మదిగా మా కాళ్ల దగ్గరికి వచ్చి చేరింది.

ఊరంతా చూడటానికి వచ్చింది. సాయంత్రం అయితే పొయ్యి నోటి దగ్గర చేతులు కాచుకునే వాళ్లు, నిప్పుల్లో చిలగడదుంపలు పూడ్చే పిల్లలు, "యాదమ్మా, మేం గూడ పురుగులమై పుడితే బాగుండు" అనే పరాచికాలు. సురంగల్ నుంచి చుట్టాలు కూడా వచ్చి గొట్టంలోంచి పోయే పొగను తల ఎత్తి చూసి పోయారు. ఇంతమంది రావడం అవ్వకు గొప్పగానూ ఉంది, భయంగానూ ఉంది. గోడ మీద తను ఎక్కడ తట్టిందో వచ్చినవాళ్లకు చూపించి, వాళ్లు పోయాక "ఎవరి కండ్లు ఎసొంటియో" అని గొణుక్కునేది. పురుగులు ఆఖరి జ్వరం లేచాయి. లావుగా, తెల్లగా, ఆకు మీద ఆకు తినేస్తున్నాయి. ఇంకొన్ని రోజులు ఇట్లాగే గడిస్తే గూళ్లు కడతాయి, తోట నిలుస్తుంది.

ఆ రోజు ఆదివారం కాబట్టి నేనూ తమ్ముడూ ఇంట్లోనే ఉన్నాం. అమ్మ ఆకుకు పోయింది. బాపు బాయి దగ్గర ఉన్నాడు. అవ్వ చుట్టను గడపలో ఆర్పి పెట్టి, చేతులు కడిగింది, కాళ్లు కడిగింది, పుక్కిలించి కూడా ఉమ్మింది. అమ్మ చట్టాలన్నీ ఒక్కటి వదలకుండా పాటించింది. తర్వాత ఇనుప గంటెతో పొయ్యిలోంచి నిప్పులు తీసుకుని, పిడికిట్లో ఉప్పూ ఎండు మిరపకాయలూ పట్టుకుని పురుగుల అర్రలోకి నడిచింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ప్రతి తట్ట ముందూ పిడికిలి తిప్పి, "ఊరోళ్ల దిష్టి, సుట్టాల దిష్టి, పోయేటోళ్ల దిష్టి, వచ్చేటోళ్ల దిష్టి" అంటూ మెల్లగా గొణిగి, చివరికి అంతా నిప్పుల మీద వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఘాటు వచ్చింది. మామూలుగా కాదు. మూసి ఉన్న అర్ర, తడి గోనెలు, కదలని గాలి. నా ముక్కూ కళ్లూ గొంతూ ఒక్కసారే మండాయి. అవ్వ దగ్గుతూ గంటె పట్టుకుని బయటికొచ్చింది. పొగ మాత్రం లోపలే ఉండిపోయింది. తమ్ముడు తోటకు పరుగెత్తాడు.

అమ్మ ఆకు మోపు వాకిట్లోనే పడేసి లోపలికి దూకింది. నేను ఆమె వెనకే. పురుగులు ఆకు మీంచి తలలు ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. కొన్ని ఆకుపచ్చగా కక్కుతున్నాయి. నమిలే చప్పుడు ఆగిపోయింది. కిటికీలు తెరిస్తే చలి, మూస్తే పొగ. అమ్మ ఒక్క క్షణం నిలబడి, అన్నీ తెరిచేసి, "పొయ్యిల కట్టె పెట్టుండ్రి, ఆపకుండ్రి!" అని అరిచింది. తమ్ముడూ నేనూ కందికట్టె మోపులు విప్పి పొయ్యి నోట్లో కుక్కాం. అవ్వ మా పక్కన కూర్చుని కట్టె విరిచి అందించింది. దడి కట్టడానికి దాచుకున్న కట్టె అంతా ఆ పూటే అయిపోయింది. బాపు వచ్చేసరికి కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, బయట మంట భగ్గుమంటోంది, ఇల్లంతా మిరపకాయల ఘాటు. గుమ్మంలో నిలబడి, "ఏందిది?" అన్నాడు అమ్మను చూస్తూ.

అవ్వ లేచి ఆయనకూ అమ్మకూ మధ్యలోకి వచ్చింది. "దాన్ని అడగకు. నన్నడుగు. దిష్టి తీస్తనని లోపలికి పోయి పొగ పెట్టింది నేను. పురుగులు సస్తే నా చేతుల సచ్చినట్టు. గిది దాని పంట కాదు, నా పంట. దానికి ఇంకో పంట ఇయ్యాలె నువ్వు." బాపు ఏదో అనబోయాడు. "ఇయ్యనన్నవో, ఉగాదికి తోటల నాగలి పెట్టినవో, నేను ఈ ఇంట్ల బువ్వ ముట్ట. నా మీద ఒట్టు" అంది. తల్లి మీద ఒట్టు దాటే మనిషి కాదు బాపు. రుమాలు విదిలించి భుజాన వేసుకుని, మళ్లీ బాయి దగ్గరికి పోయాడు.

ఆ తర్వాతి రోజుల్లో పురుగులు తట్టలకు తట్టలు చచ్చాయి. మిగిలినవి చంద్రికలనే వెదురు చట్రాల మీద అరకొర గూళ్లు కట్టాయి. బాపు చాలా రోజులు అవ్వతో సరిగా మాట్లాడలేదు గానీ, ఉగాది వచ్చింది, పోయింది, తోట జోలికి పోలేదు. వానాకాలం పంట మంచిగా వచ్చింది. తర్వాతి చలికాలం అదే పొయ్యితో, అదే గోడ వెచ్చదనంతో ఇంకా మంచి పంట తీసింది అమ్మ. ఆ తోట చాలా ఏళ్లు నడిచింది. ఆఫీసు సారు మారితే కొత్త సారు కూడా "యాదమ్మ ఉన్నదా" అనే వచ్చాడు. అవ్వ మాత్రం బతికినన్నాళ్లూ ఆ అర్రలో మళ్లీ కాలు పెట్టలేదు. ఎవరైనా రమ్మంటే, "నా చెయ్యి మంచిది కాదు" అని గడపలోనే కూర్చునేది. అవ్వ మిరపకాయల పంట అనేది మా ఇంట్లో పెద్ద నవ్వులాట అయిపోయింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో బాపు అభినయించి మరీ చెప్పేవాడు. అవ్వ కూడా బోసినోటితో నవ్వేది.

హీటర్‌ను షెడ్డులో పెట్టే రోజు నన్ను మళ్లీ రమ్మంది శ్రావణి. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకు ఒక చిన్న పెట్టె బిగించాడు. ఎంత వేడి కావాలో నొక్కితే అంత దగ్గర ఆగుతుంది, తగ్గితే మళ్లీ అదే మొదలవుతుంది, ఫోన్‌లో కూడా కనిపిస్తుంది. కట్టె లేదు, మసి లేదు, పొయ్యి నోటి దగ్గర చేతులు కాచుకునే వాళ్లూ లేరు. ఊళ్లో సగంమంది పగలు జన్వాడ వైపు ఫామ్‌హౌసుల్లో పనికి పోతారు, మిగతావాళ్ల పొలాలకు ప్లాట్ల రాళ్లు పాతారు. పిల్లపురుగులను పెంచి ఇచ్చే కేంద్రాలున్నాయట, ఆకు కోయనక్కర్లేకుండా కొమ్మలతోనే మేపుతారట. ఇదంతా మంచిదే. చలికి మెలకువ వచ్చి మంట చూసుకునే బాధ శ్రావణికి లేదు, నేను అందుకు సంతోషించాను. అయినా ఆ షెడ్డు గోడకు వీపు ఆనించి చూశాను. రేకు చల్లగా ఉంది. వెచ్చదనం బయటికి పోకుండా లోపల ఏదో తెల్లటి పలక అతికించారట.

అమ్మకు ఇప్పుడు నడుము వంగింది, కళ్లు మసకబారాయి. షెడ్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే, లేచి లోపలికి పోబోయింది. శ్రావణి నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టి, "నాయనమ్మా, నువ్వు బయటనే కూసో. మన ఇంట్ల ముసలోళ్లు లోపలికి పోతే పంట ఏమైతదో తెల్వదా?" అంది. తమ్ముడు నవ్వాడు, నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"ఆ పంట అత్తమ్మ చేతుల పోలే" అంది.

మేం ఆమె వంక చూశాం. "అంతకు ముందే పురుగులకు పాలరోగం తగిలింది, ఒళ్లు పలిగి పాల లెక్క కారుతయి. పొద్దుగాల మీరు లేవకముందే సచ్చినయి, కారుతున్నయి అన్నీ ఏరి, ఇంటెనుక గుంట తీసి పూడ్చిన. అది తగిలితే ఇగ ఆగదని నేర్పినప్పుడే చెప్పిండ్రు. మిరపకాయల పొగ పెట్టకున్నా ఆ పంట పోయేదే. మీ బాపుకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఆకుకు పోయిన. తిరిగొచ్చేసరికి గిదంత అయింది."

"మరి అవ్వ తన మీద ఏసుకుంటుంటే ఊకున్నవా అమ్మా?" అని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది. గడపలో బోసినోటితో నవ్విన అవ్వ కళ్లముందు నిలబడింది. ఎన్ని పెళ్లిళ్లలో నవ్వాం ఆమెను చూసి!

"ఊకున్న. తోట దక్కుతుండె" అంది అమ్మ. దాచుకోలేదు, నసగలేదు. తర్వాత, "వానకాలం పంట వచ్చినంక ఆమె కాళ్లు పట్టుకోని అంత చెప్పేసిన. 'నాకెందుకు చెప్తవే, నువ్వు గుంట తవ్వుడు నేను సూసిన. అందుకే గద దిష్టి తీసింది' అన్నది" అంది.

శ్రావణి చెయ్యి దించేసింది. అంటే అవ్వకు ముందే తెలుసు. పురుగులు రోగంతో పోతున్నాయని తెలిసే, తప్పు తన మీద వేసుకుని కొడుకుకు తన మీద ఒట్టు పెట్టింది. నేను ఒక్కటే అడిగాను. "ఎరికై గూడ ఆ అర్రలకు మళ్ల ఎందుకు పోలేదమ్మా?"

"మస్తుసార్లు రమ్మన్న. బతిమాలిన. 'నేను లోపలికొస్తే నా కొడుకు నా తప్పు మర్చిపోతడు. అది మర్చిపోతే తోట అడుగుతడు. నేను రాను గని, నువ్వు పో బిడ్డా, ఆకెయ్యి పో' అన్నది."